అల్ హైల్‌లో చిరుతల రామాయణం

పోయిన నెల జగిత్యాల దగ్గర ఒక పెళ్లికి వెళ్లాం. మేం భోజనాలకు కూర్చున్న వేళకి, పందిరి అవతల నలుగురు పెద్దవాళ్లు సరదాకి చిరుతల రామాయణం మొదలుపెట్టారు. చేతుల్లో ఆ చిరుతలు, అవే చెక్క తాళాలు, టకటకలాడగానే నేను పెరుగన్నం వదిలేసి లేచాను. కూరలో కారం ఎక్కువైందేమో అనుకుంది మా ఆవిడ.

తొంభైల మొదట్లో నేను మస్కట్ దగ్గర అల్ హైల్‌లో, ఒక బిల్డింగుల కంపెనీలో స్టోర్ క్లర్కుని. కాకినాడ వైపు వాణ్ణి. మేముండే లేబర్ క్యాంపులో సగం మంది కరీంనగర్ వాళ్లు. వాళ్లలో స్లాబులకి షట్టరింగ్ చెక్కలు కొట్టే కార్పెంటర్ ఒకాయన్ని క్యాంపంతా మామ అనేవాళ్లు. ఊళ్లో చిరుతల రామాయణం ఆడితే ఆయన రాముడు, ఆయన తమ్ముడు లక్ష్మణుడు. ఆ తమ్ముడు, బండిలో ఐదు గంటల దూరంలోని బురైమిలో, వేరే కంపెనీలో మేస్త్రి. ఒక చలికాలం మామకి ఇక్కడా ఆట కట్టాలని పిచ్చి పుట్టింది. పారేసిన షట్టరింగ్ ముక్కలు చెక్కి చిరుతలు చేశాడు. నా స్టోరులో పది గజాల తాడు తగ్గి, హనుమంతుడి తోకగా తేలింది. సీత వేసే తాపీమేస్త్రి మీసం తియ్యనంటే తియ్యనన్నాడు; కొంగు అడ్డం పెట్టుకునే అశోకవనమంతా గడిపాడు. "కోస్తోనివి, నీకేమెర్క సారూ" అంటూనే మామ నా చేతిలోనూ ఓ జత పెట్టి వరుసలో నిలబెట్టాడు. రెండు నెలలు డ్యూటీ దిగగానే మెస్సు వెనక ఇసకలో అదే పని.

ఆట శుక్రవారం. లక్ష్మణుడి వేషానికి గురువారం సాయంత్రానికే వస్తానన్న తమ్ముడు రాలేదు. సెలవు దొరకలేదు కాబోలు అనుకున్నాం. శుక్రవారం పొద్దున పదింటికి ఆఫీసులో ఫోన్ మోగితే నేనే ఎత్తాను. బురైమి నుంచి తమ్ముడి రూమ్ అతను. నిన్న పరంజీ మీంచి పడ్డాడు, ఆసుపత్రిలో ఉన్నాడు, మాట్లాడుతున్నాడు, అన్నని పంపమంటున్నాడు అని హిందీలో చెప్పాడు.

కిటికీలోంచి చూస్తే, మామ ముఖానికి నీలం పూసుకుని, అట్ట కిరీటం సరిచేసుకుంటూ గేటు వైపు చూస్తున్నాడు. అప్పటికే చాపల మీద జనం నిండారు. మాట్లాడుతున్నాడంటే భయం లేదు, ఆట అయ్యాక చెబుదాం అనుకున్నాను. బయట పికప్ ఉంది, డ్రైవరూ ఉన్నాడు. ఆ సాకు కూడా లేదు నాకు.

లక్ష్మణుడు మూర్ఛపోయే ఘట్టం వచ్చింది. తమ్ముడి బదులు ఆ వేషం వేసిన, ఇనుప కడ్డీలు కట్టే రాడ్ బైండర్ తలని మామ ఒళ్లో పెట్టుకున్నాడు. తమ్ముడు లేకుండా ఇంటికెళ్లి అమ్మకి ఏం చెప్పనని పాడుతుంటే, తెలుగు ముక్క రాని మలయాళీ వంటాయన కూడా కళ్లు తుడుచుకున్నాడు. నేను తాళం తప్పకుండా చిరుతలు కొడుతూనే ఉన్నాను. హనుమంతుడు గడ్డి కూరిన సిమెంటు సంచిని ఎత్తుకొచ్చాడు. లక్ష్మణుడు లేచాడు. ఈలలు, చప్పట్లు.

ఆట ముగిసేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. అప్పుడు చెప్పాను. సగం కడిగిన నీలం ముఖంతోనే మామ బండెక్కాడు, నేనూ ఎక్కాను. మేం చేరేసరికి తమ్ముడు పోయి రెండు గంటలైంది. సాయంత్రం దాకా అన్న వచ్చాడా అని అడుగుతూనే ఉన్నాడట.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని మామ అడిగాడు: "ఫోన్ ఎప్పుడొచ్చింది సారూ?"

"పొద్దున పదింటికి."

చెవి దగ్గర మిగిలిన నీలాన్ని తువ్వాలుతో తుడుచుకున్నాడు.

"చెప్తే ఆట బందైతుండె. గంతే గద సారూ."

తిడితే బాగుండేది. శవంతో పాటు ఊరికి వెళ్లిన మామ మళ్లీ రాలేదు. ఉత్తరం రాయాలని ఎన్నోసార్లు కూర్చున్నాను కానీ మొదటి వాక్యం ఎప్పుడూ దొరకలేదు. ముప్ఫై ఏళ్లు దాటిపోయాయి. ఇప్పటికీ ఎన్నిసార్లు లెక్కేసినా, పదింటికి బయల్దేరితే మూడింటికల్లా చేరేవాళ్లమే.