గురప్ప బండికి పెట్రోలు గొట్టం

మా తమ్ముడు గురప్పకు పెళ్లాం కన్నా ముందు మోటార్ సైకిల్ వచ్చింది. యుద్ధం అయిపోయాక మిలిట్రీ వాళ్లు వేలం వేసిన బండి, చేతులు మారి మారి చివరికి వీడి దగ్గర ఆగింది. దాని రంగేమిటని అడిగితే చెప్పలేను. నేను చూసినప్పటి నుంచీ దుమ్ము రంగే.

కంబదూరులో అప్పట్లో డేరా సినిమా ఉండేది. కళ్యాణదుర్గం హాల్లో మధ్యాహ్నం ఆట ముగియగానే అవే రీళ్లు చీకటి పడేలోగా మా డేరాకు చేరాలి. రెండూళ్లకూ పెట్టె ఒకటే. దాన్ని మోసేది గురప్ప. డేరా వాకిట్లో బొరుగులు అమ్మేది నేను.

ఆ ఏడు బండి పెట్రోలు గొట్టం పగుళ్లిచ్చి దారి పొడవునా కార్చుకుంటూ వచ్చేది. ఆట ఆలస్యమయ్యేది. డేరా యజమాని సోమశేఖర్ శెట్టి చెప్పేశాడు.

"గురప్పా, జనం గుంజలు పీకుతాండారు. ఇంకొక్కసారి ఆలస్యమైతే పెట్టెకు వేరే మనిషిని చూసుకుంటా."

మా బావి ఎండిపోయింది, సేద్యం లేదు. ఈ పని కూడా పోతే వాడికి బతుకే లేదు.

మరునాడు కళ్యాణదుర్గంలో బదరీనారాయణ రబ్బరు సామాన్ల అంగడికి వెళ్లాడు. బొరుగుల్లో కలిపే పుట్నాల పొడి కొనడానికి నేనూ వెంట వెళ్లాను. బదరీనారాయణ బల్ల మీద రెండు గొట్టాలు వేశాడు. ఒకటి ఆస్పత్రి సామాన్లలోని ఎర్రది, ఇంకొకటి బావుల దగ్గర ఆయిల్ ఇంజన్లకు వేసే నల్లది.

"ఎర్రది మెత్తగా ఉండాది, ఇది ఇయ్యి" అన్నాడు తమ్ముడు.

"అది కడుపు కడిగే గొట్టమప్పా. పెట్రోలు తగిలితే ఉబ్బి జావ అయితాది" అన్నాడు బదరీనారాయణ.

"అదీ ఒకటి ఇయ్యన్నా, వీనికే పనికొస్తాది" అన్నాను నేను.

నల్లదే తీసుకున్నాము. బిగించే పట్టీలు అడిగితే అన్నీ లారీలకు వేసే పెద్దవే ఉన్నాయి.

"తీగ చాల్లే" అన్నాడు తమ్ముడు.

"తీగ కోస్తాది రా. బావిలో నీళ్లు తోడే కపిల తోలు బాన తొండానికి నాయన ఏం కట్టేవాడు? వెడల్పాటి తోలు వారు కదా."

"అది తోలక్కా, ఇది రబ్బరు. నీకు తెలీదు."

నాకు తెలీదన్న మనిషి ఏం చేశాడంటే, గొట్టం పెట్రోలు ట్యాంకు కులాయికి బిగుతై ఎక్కడం లేదని ఆముదం పూశాడు. మా ఇంట్లో నీళ్లు మోసే తోలుకంతా ఆముదం పట్టించేవాళ్లు, అది చూసి పెరిగిన చెయ్యి మరి. గొట్టం జర్రున ఎక్కింది. తీగ చుట్టి మీసం దువ్వుకున్నాడు.

ఆట ముగిశాక పెట్టె వెనక కట్టుకుని బయలుదేరాము. నేను గంపతో ఎక్కాను. సగం దారిలో మిట్ట ఎక్కుతుండగా బండి దగ్గి దగ్గి ఆగిపోయింది. ఎంత సులువుగా ఎక్కిందో అంత సులువుగా జారి వచ్చి వేలాడుతోంది గొట్టం. తీగ దాని మొనను సగం కోసేసింది. వాడు కులాయి కట్టేసి, గొట్టం మళ్లీ దూర్చాడు. మళ్లీ జారింది. పొద్దు గుట్టల మీదికి దిగుతోంది. వాడి ముఖం చూస్తే తిట్టడానికి నాకు మనసు రాలేదు. అయినా తిట్టాను.

"ఆముదం పూసినావే, గొట్టానికేమన్నా వేడి చేసిందా?"

"పని పోయిందక్కా" అని రోడ్డు మీదే కూలబడ్డాడు.

గంపలో పుట్నాల పొడి ఉంది. తెగిన మొన కోయించి, ఆ పొడితో గొట్టం లోపలా బయటా, కులాయి మీదా బాగా రుద్దాను. జిడ్డంతా పొడి పీల్చుకుంది. కొంగుతో శుభ్రంగా తుడిచి, రీళ్ల పెట్టెకు చుట్టిన రేకు పట్టె ఊడదీసి ఇచ్చాను.

"దీన్ని సన్నంగా చీల్చి చుట్టు. పటకారుతో మెలిపెట్టు."

"పెట్టె మూత?"

"నేను పట్టుకుంటా, పద."

డేరా ముందు ఈలలు వేస్తున్నారు. శెట్టి ఆకాశం చూశాడు, పెట్టె చూశాడు.

"వెలుతురుండంగానే వచ్చినావే. సరే, రేపు కూడా నువ్వే పో" అని మూత తడిమి, "పట్టె యాడ?" అన్నాడు.

"బండికి ఉండాది" అన్నాను.

ఆ రోజు నా బొరుగుల్లోకి ఉప్పూ కారమే. విరామంలో గురప్ప వచ్చి పొట్లం విప్పి చూశాడు.

"పుట్నాల పొడి వేయలేదేమక్కా?"