మధ్యలోంచి తప్పుకున్న ఆయమ్మ

మొన్న మంగళవారం పొద్దున, ప్రార్థన గంట కొట్టకముందే మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది. మధ్యాహ్న భోజనం ఫొటోలు పంపమన్న ఆదేశానికీ, ఎవరిదో సెలవు చీటీకీ మధ్య ఒక్క వాక్యం: మన ఆయమ్మ గుండెనొప్పితో పోయింది. కింద వరసగా దండాల బొమ్మలు. నేనూ ఒకటి పెట్టి తరగతికి వెళ్ళాను. సుద్దముక్క తీసి మళ్ళీ పెట్టేశాను. పిల్లల్ని చదువుకోమని చెప్పి కూర్చుండిపోయాను.

కాగితాల మీద ఆమె ఉద్యోగం పేరు పొడుగ్గా ఉండేది: ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు తరగతి గదిలో సహాయకురాలు. ఒంటిమిట్ట దగ్గరి మా హైస్కూల్లో అందరికీ ఆమె ఆయమ్మే. పక్క చేనేత ఊరి మనిషి. చదివింది ఐదో తరగతి. ఇంట్లో భర్త మగ్గం నేస్తే ఈమె నూలు కండెలు చుట్టేది. ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి చక్రాల కుర్చీలో మా బడికి వచ్చినప్పుడు ఆ పిల్లను చూసుకోవడానికని ఈమెను పెట్టారు.

పుట్టుకతోనే కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయిన పిల్ల. బుర్ర మాత్రం చురుకు. కష్టమల్లా మాటే. ఒక్కొక్క మాటా గొంతులో ఇరుక్కుని, సాగి, వంకరపోయి బయటికి వచ్చేది. మాకెవరికీ అర్థమయ్యేది కాదు. ఆయమ్మకు నెల తిరక్కుండానే అర్థమైంది. ఓపిక ఆమెది. మూతి తుడవాల్సి వస్తే తువ్వాలు ఆ పిల్ల చేతికే ఇచ్చి, ఆ చెయ్యి మూతిదాకా వచ్చేవరకు చూస్తూ ఉండేది. అదేమిటమ్మా, నువ్వే తుడిస్తే అయిపోతుంది కదా అన్నానొకసారి. "పోగు తెగినబ్బుడు తొందరపడి గుంజితే పక్కనుండేటివి గూడా తెగుతాయి సార్" అంది.

నేను లెక్కల మాస్టర్ని. నాకు తొందరెక్కువ. ఆ పిల్లను ప్రశ్న అడిగి ఆయమ్మ వైపు చూసేవాణ్ణి. పిల్ల ఏదో అనేది, ఆయమ్మ చెప్పేది, నేను తలూపి ముందుకు వెళ్ళేవాణ్ణి. సజావుగా జరిగిపోతోందనుకున్నాను.

ఒకరోజు పిల్ల మాట్లాడింది, ఆయమ్మ మాట్లాడలేదు.

"ఏమంటోందమ్మా?" అన్నాను.

"ఆ పిల్లనే అడగండి సార్."

"నాకర్థమైతే నిన్నెందుకు అడుగుతాను? నువ్వుండేదే అందుకు కదా!"

"నేను చెప్తాంటే మీరు నా మొగం చూస్తాండారు సార్. ఆ పిల్ల మొగం ఒగనాడన్న చూసినారా?"

నలభై మంది పిల్లల ముందు నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పిల్లను మళ్ళీ అడిగాను, మళ్ళీ అర్థం కాలేదు. "సరే, కూర్చో" అనేశాను. ఏనాడూ లేచి నిలబడని పిల్లతో అన్న మాట అది. ఎవరూ నవ్వలేదు. ఎవరైనా నవ్వి ఉంటే బాగుండేది.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఇప్పుడు చెప్పుకోవాలి. ఆ సాయంత్రమే హెడ్మాస్టరు గదికి వెళ్ళి, ఈమె మాట వినడం లేదు, మార్చేయండి అన్నాను. ఆయన ఆలోచించి, నెల చూద్దాం, కుదరకపోతే ఆ పిల్లను ఇంటి దగ్గరే చదువుకుని పరీక్షలకు రమ్మందాం అన్నాడు. ఆ మాట ఆయమ్మకు చేరింది. వరండాలో నన్ను ఆపింది. కోప్పడుతుందనుకున్నాను.

"నాకు లెక్కల మాటలు రావు సార్. ఆ పిల్ల నిండా చెప్పేది నా కాడికొచ్చేతలికి సగమైతాండాది. ఆ సగమే మీకు చెప్తాండా. మీరేమో ఆ పిల్లకు సగమే వచ్చు అనుకుంటాండారు. నాకు భయమైతాంది సార్" అంది. కళ్ళు తుడుచుకుంది. నేను బస్సుకు టైమైందని వెళ్ళిపోయాను.

ఆ నెల అందరికీ కష్టంగానే గడిచింది. పిల్ల ఏడ్చింది. వాళ్ళమ్మ బడికొచ్చి, "నా బిడ్డకు నోరుగా ఉంటావనుకుంటి గదా, ఇట్ల చేస్తివేమక్కా" అని నిలదీసింది. ఆయమ్మ కుర్చీ తోసేది, అన్నం తినేటప్పుడు పక్కనుండేది, మరుగుదొడ్డికి తీసుకెళ్ళేది. పాఠం మొదలైతే మాత్రం వెళ్ళి తలుపు దగ్గర కూర్చునేది. పక్క బెంచీలో ఇద్దరు ఆడపిల్లలకు నాకంటే ముందే ఆ పిల్ల మాటలు పట్టుబడ్డాయి. ఆ పిల్లతో కలిసి ముగ్గురూ ఏవో చెప్పుకుని నవ్వుకోవడం విన్నాక నాకు పౌరుషం వచ్చింది.

నెల నిండే వారంలో బోర్డు మీద సమీకరణం వేస్తుంటే ఆ పిల్ల చెయ్యెత్తింది. సుద్దముక్క కింద పెట్టి, దగ్గరికి వెళ్ళి, ఆ మొహంలోకి చూస్తూ విన్నాను. ఇంకోసారి చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది. మూడోసారికి అందింది: "మైనస్... వదిలేసినారు... సార్." నిజమే, రెండో వరసలోనే వదిలేశాను. క్లాసంతా చప్పట్లు కొట్టింది. తలుపు వైపు చూశాను. ఆయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది, నవ్వో ఏడుపో తెలియలేదు. పిల్లను ఇంటికి పంపే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నేను ఆయమ్మకు క్షమాపణ చెప్పలేదు. చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. అనుకోవడంతోనే ఏళ్ళు గడిచాయి. ఆ సిగ్గు నాతోనే ఉంటుంది.

మూడోనాడు పలకరింపుకు వాళ్ళింటికి వెళ్ళాను. మగ్గం ఆగిపోయి ఉంది. భర్త వసారాలో గోడకానుకుని, ఎవరేమన్నా తలూపుతున్నాడు. కాసేపటికి ఆటో ఆగింది. ఆ పిల్లే, ఇప్పుడు కడపలో ఇంటర్ చదువుతోంది. వాళ్ళమ్మ కుర్చీ తోసుకుంటూ వచ్చి ఆయన ఎదురుగా ఆపింది. పిల్ల ఏదో అంది. ఆయన బిక్కమొహం వేసి అందరి వైపూ చూశాడు. వాళ్ళమ్మ చెప్పబోయి ఆగింది.

ఆయన కుర్చీ దగ్గరికి జరిగి కూర్చున్నాడు. "ఇంగొగసారి చెప్పు తల్లీ" అన్నాడు.

ఆ పిల్ల మళ్ళీ చెప్పింది. ఆయన పెదాలు కదుపుతూ ఒక్కొక్క మాటే అందుకున్నాడు. మీరు నేసిన చీర కట్టుకొచ్చిన రోజు... ఆయమ్మ... కొంగు... క్లాసంతా తిరిగి... చూపించేది.

"నాతో ఒగనాడు గూడా బాగుండాదనలేదే" అన్నాడాయన. మూడు రోజులుగా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఏడ్చి, మొహం తుడుచుకుని, ఆ పిల్ల మోకాలి మీద చెయ్యి వేశాడు.

"ఇంగా ఏమనేది తల్లీ?"

ఆ పిల్ల ఊపిరి పీల్చుకుని, నిదానంగా మొదలుపెట్టింది.