కాంటా చెప్పని ఏడు వందల గ్రాములు

మిర్యాలగూడలో నేను బియ్యం కొనే దుకాణం ఒక్కటే. ఆ దుకాణం యజమానురాలు, నేను సూర్యాపేటలో ఒకే బడిలో చదువుకున్నాం. మొన్న బస్తాను ఎలక్ట్రానిక్ కాంటా మీద పెట్టించి, అలవాటు ప్రకారం, "సంచి తరుగు తీసిన, సూసుకో" అంది. ఆ మాట అన్నప్పుడల్లా మా ఇద్దరి కళ్లూ కలుస్తాయి. ఇరవై ఏళ్లు దాటినా ఇద్దరం నవ్వలేం. నేను ఇప్పుడు ఆడపిల్లలకు కబడ్డీ నేర్పించి జీతం తీసుకుంటున్నాను. ఏటా జట్టును బరువు తూచే రోజు మాత్రం ముందు ఖాళీ కాంటాను మూడుసార్లు సరిచూసుకుంటాను. కారణం ఆ తరుగే.

మాది మోతె పక్కన ఓ ఊరు. గొర్రెలే మా ఆస్తి, గొర్రెలే మా చాకిరి. మందలో పారిపోయే గొర్రెను వెనక కాలు పట్టి ఆపడం నాకు ఏడేళ్లకే వచ్చు. మెడ పడితే విదిలించుకుంటుంది, ఉన్ని పడితే ఉన్నే చేతికొస్తుంది. మడమ పైన పట్టాలి, పట్టాక వదలకూడదు. సూర్యాపేట బడిలో చేరాక పీఈటీ సారు కబడ్డీ ఆడించిన మొదటి రోజే, కూతకొచ్చిన పదో తరగతి అమ్మాయిని అలాగే పట్టి పడేశాను. సారుది కోదాడ. "ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఇది?" అని ఆశ్చర్యపోయాడు. గొర్రెల దగ్గర అన్నాను. పిల్లలంతా పడీ పడీ నవ్వారు. ఆ రోజు నుంచి నా పేరు పొట్టేలు. ఒంటికి కూడా సరిపోయే పేరే కాబట్టి నేనూ పెద్దగా గొడవ చేయలేదు.

తొమ్మిదో తరగతిలో ఉండగా, రెండువేల నాలుగులోనో ఐదులోనో, మా నాయిన ఇక చదువు చాలన్నాడు. ఆ ఏడు ఆయన మోకాలు వాచి మంద వెంట తిరగలేకపోయాడు, మనిషి కావాలి. నేను అన్నం మానేసి రెండు రోజులు ఏడిస్తే చివరికి ఒక మాట ఇచ్చాడు. "జిల్లా టీముల పేరొస్తే సదువుకో. రాకుంటె గొర్లకాడికి రావాలె. ఇగ మల్ల ఏడ్వొద్దు." జిల్లా జట్టుకు ఎంపికైతే క్రీడల హాస్టల్లో సీటు దొరకొచ్చని సారు ఆశపెట్టాడు. ఎంపిక జరిగేది కోదాడలో, బడుల మధ్య పోటీల్లో. ఆడాలంటే ఒళ్లు యాభై ఐదు కిలోలు దాటకూడదు. జట్టులో ఆ గీతకు దగ్గర్లో ఉన్నది నేనొక్కదాన్నే.

బడిలో బరువు చూసే యంత్రం లేదు. జట్టులో ఒకమ్మాయి నాన్నకు రైస్ మిల్లు ఉండేది. మేమంతా ఆమెను మిల్లు పిల్ల అనేవాళ్లం. సన్నగా, రివటలా ఉండేది. ఎడమ మూలన నేను ఆడకపోతే ఆడాల్సిన మనిషి ఆమె. అంతవరకు బెంచీ మీదే. సారు మమ్మల్ని వారం రోజులు సాయంత్రం పూట వాళ్ల మిల్లుకు పంపాడు. బస్తాలు తూచే పెద్ద కాంటా మీద ఒక్కొక్కరం ఎక్కేవాళ్లం. మిల్లు పిల్లే రాళ్లు వేసి, కడ్డీ జరిపి, అంకె చదివేది. నాకు రోజూ యాభై నాలుగు కిలోల ఎనిమిది వందలు. నేను నిశ్చింతగా రెండు జొన్నరొట్టెలకు మూడో రొట్టె కలుపుకున్నాను.

పోటీలకు రెండు రోజుల ముందు మిల్లు నుంచి ఇంటికి వెళ్తే నాయిన నన్ను ఎగాదిగా చూశాడు. మా వాళ్లు జీవాన్ని కాంటా పెట్టి అమ్మరు. ముందుకాళ్ల వెనక చేతులేసి ఒక్కసారి పైకెత్తి, దింపి, బరువు చెబుతారు. అటూ ఇటూ పావు కిలో తేడా వస్తే పరువు పోయినట్టే. నాయిన వాచిన మోకాలితోనే నన్ను నడుం పట్టి ఎత్తి దింపాడు.

"యాభై ఆరుకు జర తక్కువున్నవ్ బిడ్డ. తిండి తగ్గియ్యి."

"మిల్లు కాంటా తప్పు జెప్తదా నాయినా?"

"గా కాంటకు బస్తాలెరుక. మనుషులెరుకనా?"

నాకు మండిపోయింది. నేను ఓడిపోవాలనే అలా అంటున్నాడనుకున్నాను. ఆ రాత్రి పంతం కొద్దీ ఇంకాస్త ఎక్కువే తిన్నాను.

కోదాడ మైదానంలో పొద్దున్నే తూకం మొదలైంది. నా వంతు వచ్చింది. ముల్లు ఊగి ఊగి నిలబడింది. యాభై ఐదు కిలోల ఏడు వందలు. దిగి మళ్లీ ఎక్కాను. అంతే. కాళ్ల పట్టీలు తీసి సారు చేతిలో పెట్టి ఎక్కాను. ముల్లు కదిలినట్టే లేదు. సారు నిర్వాహకుల దగ్గరికి పోయి వచ్చాడు. "రెండు గంటలు టైమిచ్చారమ్మా. ఈలోపు దిగకపోతే నీ పేరు కొట్టేస్తారు. నేనేం చెయ్యలేను" అన్నాడు.

అప్పుడే మిల్లు పిల్ల గుండె మీద చెయ్యేసుకుంది. "మా కాంట కొక్కేనికి ఇనుప బిళ్ల కట్టుంటది సార్. సంచి బరువు పోవాలని. గది తీయాలని నాకు యాదికే రాలె." మిల్లుల్లో అది రివాజు. గోనెసంచి బరువుకు సరిపడే ఇనుము ముందే కట్టేస్తారు, బస్తా పెడితే సంచి పోను గింజల బరువే కనిపిస్తుంది. పుట్టినప్పటి నుంచీ ఆ బిళ్లను చూస్తున్న పిల్లకు అది కాంటాలో ఒక భాగమే. వారం రోజులు నా ఒంట్లోంచి కూడా ఒక గోనెసంచి బరువు తీసేస్తూ వచ్చింది.

జట్టంతా ఆమె వైపు చూసింది. నేను ఊరుకునే రకాన్ని కాదు. "యాదికి రాలేదా, నా జాగల ఆడాలని ఊకున్నవా?" అని అందరి ముందూ అరిచాను. ఆమె, వాళ్లమ్మ మంచుకని తొడిగి పంపిన స్వెట్టర్ విప్పి నా మీద పడేసింది. చెమట పట్టాలని నేను అది తొడుక్కుని పరుగు మొదలుపెట్టాను. రెండో చుట్టులో పక్కన అడుగుల చప్పుడు వినిపించింది. చూస్తే ఆమే.

ఎన్ని చుట్లు తిరిగానో లెక్క తప్పింది. ఎండ ఎక్కింది. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది, నీళ్లు తాగడానికి లేదు. ఇవాళ నా దగ్గరి పిల్లను ఎవరైనా అలా పరిగెత్తిస్తే వాళ్లతో కొట్లాటకు దిగుతాను. ఆ రోజు మాత్రం ఆగితే వెనక మంద కనిపిస్తోంది. గేటు దగ్గర గొంగడి భుజాన వేసుకుని నాయిన నిలబడి ఉన్నాడు. పేరు రాకపోతే అటునుంచి అటే ఇంటికి తీసుకుపోదామని మొదటి బస్సుకే వచ్చాడు. నేను గేటు ముందు నుంచి పోయినప్పుడల్లా తల తిప్పుకున్నాను. మధ్యలో సారు మిల్లు పిల్లను కేకేశాడు. "నువ్వెందుకు పరిగెత్తుతున్నావమ్మా? ఇది ఆగితే ఆడాల్సింది నువ్వే కదా!" ఆమె ఆగలేదు. "అదే ఆడుతది సార్" అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. కానీ అప్పుడు కూడా ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు, అంత పొగరు నాకు.

మళ్లీ తూకం. యాభై ఐదు కిలోల వంద. ఇంకా పావుగంట ఉంది. నా ఒంట్లో చెమట అయిపోయింది. సారు గడియారం చూసుకుంటూ అటూ ఇటూ నడుస్తున్నాడు. నాయిన ఎవరినీ అడగకుండా లోపలికొచ్చాడు. ఇక పద అంటాడని తల దించుకున్నాను. ఆయన నా జడను అరచేతిలోకి తీసుకుని రెండుసార్లు ఎగరేసి చూశాడు.

"కత్తెరున్నదా సారూ?"

"నాయినా, గట్టు మీది సామికి మొక్కిన జడ!" అన్నాను. నానమ్మ నా చిన్నప్పుడు ఆ గుట్ట మీది దేవుడికి మొక్కిన మొక్కు అది. పెళ్లికి ముందు అక్కడే తీయాలని ఒక్కసారి కూడా కత్తెర తగలనివ్వలేదు.

"సామితోని నేను మాట్లాడుకుంట. నువ్వు మెడ కదిలియ్యకు."

సారు మందుల డబ్బాలోంచి కట్లు కత్తిరించే మొద్దు కత్తెర తెచ్చాడు. నాయిన దాని అంచు బొటనవేలితో చూసి పెదవి విరిచాడు. ఏటా గొర్రెల ఉన్ని తీసే చేతులవి. నా తల తన పొట్టకు ఆనించుకుని, చెవి మడిచి పట్టి, మెడ నుంచి మొదలుపెట్టి గబగబా కత్తిరించుకుంటూ పోయాడు. ఎక్కడా గీరుకోలేదు. నేను ఓడిపోతే ఆయనకు మందకు మనిషి దొరికేది. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కోసిన జడను రుమాలులో చుట్టుకుని, అంతమంది చూస్తుండగా నన్ను నడుం పట్టి పైకెత్తి దింపాడు. అంకె చెప్పలేదు. "గిప్పుడు ఎక్కు" అన్నాడు.

ఎక్కాను. ముల్లు యాభై ఐదు దగ్గర నిలబడింది. తూకం చూసే ఆయన వంగి ఒకసారి, కళ్లజోడు పెట్టుకుని ఒకసారి చూసి, నా పేరు పక్కన టిక్కు పెట్టాడు.

ఆట గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏం లేదు. మూడు పాయింట్లతో ఓడిపోయాం. నీళ్లు, గ్లూకోజు తాగాక కూడా సగం ఆట వరకు నాకు కోర్టు గుండ్రంగా తిరుగుతున్నట్టే ఉంది. మిల్లు పిల్ల కాళ్లకు బొబ్బలెక్కి బెంచీ మీద కూర్చుని ఒక్కో పట్టుకూ గొంతు చించుకుంది. రెండో సగంలో నాలుగు మడమలు పట్టాను, నాలుగూ వదల్లేదు. వారం తర్వాత జిల్లా జట్టు పట్టీలో నా పేరొచ్చింది. నాయిన సారుతో ఆ పేరు రెండుసార్లు చదివించుకుని, మర్నాటి నుంచి మోకాలికి గుడ్డ కట్టుకుని మంద వెంట తనే పోయాడు. మిల్లు పిల్లకు నేను క్షమాపణ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. అందుకే ఎంత దూరమైనా ఆమె దుకాణంలోనే బియ్యం కొంటాను.

పోయిన నెల నాయినను దవాఖానకు తీసుకొచ్చాను. బరువు చూడాలి, యంత్రం ఎక్కమంది నర్సు. ఆయన ససేమిరా అన్నాడు. "కాంట ఎందుకు? నువ్వే ఎత్తి సెప్పు" అన్నాడు నాతో. నడుం పట్టి ఎత్తాను. చేతులకు తెలిసిపోయింది, నలభై నాలుగు. దింపి, "యాభై ఉన్నవ్ నాయినా" అన్నాను. ఆయన ఇప్పటికీ పొట్టి క్రాపే ఉన్న నా తల మీద చెయ్యేసి మెల్లగా నవ్వాడు. "నీ చెయ్యి గూడ మిల్లు కాంట లెక్కనే ఉన్నది బిడ్డ." ఇన్నేళ్లలో ఆయన ఒంట్లోంచి ఎంత పోయిందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ అంకెను మాత్రం ఇద్దరిలో ఒక్కరం కూడా పైకి అనలేదు.