మా అత్త నోరు మెదపని రోజులు

నేను తిరుపతికి కాపురానికి వచ్చిన కొత్తలో మా వీధి మొత్తానికి ఫోన్ మా ఇంట్లోనే ఉండేది. ఎవరికి ఏ కబురొచ్చినా ముందు మా అత్త చెవిన పడి, తర్వాతే ఆ మనిషికి చేరేది. ఆ వెంటనే మిగతా వీధికీ చేరేది.

అలాంటి మా అత్త ఒకరోజు అలిపిరి వైపున్న ధ్యానమందిరంలో బౌద్ధ భిక్షువు ప్రసంగం విని వచ్చింది. అబద్ధమాడరాదు, చాడీలు చెప్పరాదు, పరుషంగా మాట్లాడరాదు, ఊసుపోక మాట్లాడరాదు అని ఆయన చెప్పాడట. మొదటి మూడూ తనకు ఎన్నడూ లేవని ఆమె నమ్మకం. నాలుగోదానికే కాస్త ఆలోచనలో పడింది.

"ఈ పొద్దు నుంచి ఎదురుగా లేని మనిషి గురించి ఒక్క మాట మాట్లాడను, సూస్తా ఉండు మే," అంది నాతో.

నాకు సంతోషమే వేసింది. ఎదురుగా లేనివాళ్లలో నేనూ ఉంటాను కదా.

ఆ వారంలోనే పక్కింటామెకు ఫోన్ వచ్చింది. వాళ్ల నాయన మిద్దె మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు, కట్టు కట్టించడానికి పుత్తూరు తీసుకుపోతున్నారు. భర్త పనిమీద చిత్తూరులో ఉన్నాడు. ఆమె ఏడుస్తూనే సంచిలో బట్టలు కుక్కుకుని బస్సెక్కింది. వీధంతా చూసింది.

"ఏడ్సుకుంటా పోయిందే, ఏమైనాదిమా?" కొళాయి దగ్గర ఆడవాళ్లు అడిగారు.

"ఆయమ్మ ఈడ లేదు. లేని మనిషి మాటలు మనకెందుకు?" అంది మా అత్త ప్రశాంతంగా.

కొళాయి దగ్గర ఆమె నియమం మాట ఎవరూ నమ్మలేదు. ఈమే చెప్పలేకపోతోందంటే అదెంత పెద్ద సంగతై ఉండాలి! సాయంత్రానికి మొగుడు కొట్టాడన్నారు. మర్నాటికి చిత్తూరులో అతనికి ఇంకొక ఇల్లు కూడా వెలిసింది. కాలు విరిగిన సంగతి నేను చెప్పబోతే, "పాపం, కోడలు కప్పిపెడతా ఉండాది. అత్త నేర్పించింటాది," అని నన్నే జాలిగా చూశారు.

పక్కింటామె భర్త చిత్తూరు నుంచి వచ్చీరాగానే వీధి మొదట్లోనే ఒక పెద్దాయన ఆపాడు. "ఆడబిడ్డను కొట్టి పంపిస్తే ఎట్లప్పా?" అన్నాడు. అతను నేరుగా మా ఇంటికి వచ్చాడు.

"మా మామకు కాలిరిగిందని మీకు తెలుసు గదా పెద్దమ్మా! ఆ ఒక్క మాట సెప్పింటే సరిపోయేది గదా!"

మా అత్త చెప్పులేసుకుని ఇల్లిల్లూ తిరిగి నిజం చెప్పింది. అందరూ ఓపిగ్గా విన్నారు. "కాలిరిగిన దానికి ఇన్నాళ్లు నోరు మూసుకుంటారామా ఎవరైనా?" అని నవ్వారు.

ఆ కోపంతోనే ఆమె ధ్యానమందిరానికి పోయింది. భిక్షువు వేరే ఊరికి వెళ్లిపోయాడట. నిజమై, మేలు చేసేదైతే సమయానికి చెప్పి తీరాలని కూడా ఆయన ఆ రోజే చెప్పాడని అక్కడివాళ్లన్నారు. ఆయన ఆ మాట చెప్పేసరికే మా అత్త లేచి వచ్చేసింది, తాను నియమం పట్టిన సంగతి వీధిలో చెప్పడానికి.

పక్కింటామె తిరిగొచ్చి కొన్నాళ్లు మాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఎప్పుడు ఊరికి వెళ్లినా, ఎక్కడికో, ఎందుకో ఇంటింటికీ చెప్పి మరీ వెళ్లేది. మా ఇంటికి తప్ప.