జర కిందికి రా సారూ

గుట్ట నర్సింహస్వామి మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. నన్ను ఎరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారని తెలుసు. ఎలుగుబంటికి ఇంజెక్షన్ ఇచ్చానని ఒక పెళ్లిలో, ఎద్దుకు బీపీ చూశానని ఇంకో పెళ్లిలో చెప్పిన డాక్టర్ని నేనే. కానీ దయ్యాల కథ మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. వాటిని నేను నమ్మను, అందుకని.

అప్పట్లో నల్గొండ జిల్లాలో ఒక మండల దవాఖానలో పనిచేసేవాణ్ని. ఊరి పేరు వద్దు. అక్కడికి ప్రతి సోమవారం నర్సమ్మ అనే అవ్వ వచ్చేది. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడు నీళ్లు తాగి ఆమె వెన్నెముక బిగుసుకుపోయింది. నడుము దగ్గర సగానికి వంగిపోయింది, తల ఎత్తలేదు. ఇంటికి నల్లా నీళ్లు వచ్చేనాటికి ఆమె ఎముకలకు ఆలస్యమైపోయింది. చేతికర్ర జారకుండా దాని అడుగున సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉండేది.

మనుషుల్ని పాదాలు చూసి గుర్తుపట్టేది. "సునీతమ్మా, మడిమెలు పలిగినయి, జర నూనె రాసుకో" అని మా సిస్టర్‌కే వైద్యం చెప్పేది. నాతో మాత్రం ప్రతిసారీ ఒకటే మాట. "జర కిందికి రా సారూ, నీ మొగం జూస్తా. కాళ్లతోని ఎంత సేపు మాట్లాడాలె?"

నేను నొప్పి మాత్రలు రాసి పంపేవాణ్ని. లైను గేటు దాకా ఉండేది మరి.

ఒక సోమవారం ఎందుకో కుర్చీ దిగి ఆమె ముందు నేల మీద చతికిలబడ్డాను. గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు. ముందు పన్ను ఒకటి లేదు. నన్ను తేరిపార చూసి, "గొంతు ఇని తెల్లగుంటవనుకున్న సారూ, గింత నల్లగున్నవా!" అంది. దవాఖానంతా నవ్వింది.

అసలు సంగతి ఆ తర్వాతి వానాకాలంలో జరిగింది.

అదీ సోమవారమే. పొద్దున పదకొండు గంటలు. పట్టపగలు, కరెంటు కూడా ఉంది. యాదయ్య అనే నేతపని చేసే అతన్ని భార్య పద్మ ఆటోలో తీసుకొచ్చింది. తెల్లవారుజాము నుంచి కడుపునొప్పి, ఒక వాంతి. జ్వరం లేదు, ఒంటి మీద గాయం లేదు. పొట్ట నొక్కి చూస్తే మెత్తగానే ఉంది. ముందురోజు చుట్టాలింట్లో మాంసం తిన్నాడట. గ్యాస్ అని తేల్చి, ఇంజెక్షన్ ఇచ్చి, వరండాలో బల్ల మీద కూర్చోబెట్టమన్నాను.

అరగంట తర్వాత అటు వెళ్తే, గడ్డం రొమ్ముకు ఆనించి తల వాల్చి ఉన్నాడు.

"నొప్పి తగ్గినట్టుంది, నిద్ర పట్టింది," అన్నాను.

"చీర పూర్తి జేయాల్నని సగం రాత్రి దాక మగ్గం కాడనే ఉన్నడు సారూ. ఆడనే కింద పండిండు," అంది పద్మ. "ఇంటికి తోల్కపోవాల్నా?"

"తీసుకుపో. పడుకోనీ."

ఆ మాట అన్నది నేనే. బయట ఆటో స్టార్ట్ అయింది.

అప్పుడు వినబడింది. "జర కిందికి రా సారూ."

లైను చివర వంగిన వీపు, ట్యూబు చుట్టిన కర్ర. "వస్తున్నా అవ్వా, ఆగు" అని లోపలికి తిరిగాను. మళ్లీ అదే మాట, ఈసారి దగ్గరగా. మూడోసారి వినబడేసరికి ఆమె యాదయ్య బల్ల పక్కనే నిలబడి ఉంది. నాలుగడుగులు వేయడానికే ఆమెకు చాలాసేపు పడుతుంది. అంత దూరం ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు.

చిరాకేసింది. వింటే గానీ వదలదని వరండా నేల మీద కూర్చున్నాను. గడ్డం మీద మూడు చుక్కలు, ముందు పన్ను లేని ఖాళీ కనబడ్డాయి. ఆమె నన్ను చూడడం లేదు. పక్కకు, బల్ల వైపు చూస్తోంది. నేనూ తల తిప్పాను.

కింది నుంచి యాదయ్య ముఖం కనబడింది. అతను నిద్రపోవడం లేదు. సగం వాలిన రెప్పల కింద నుంచి కళ్లు నన్నే చూస్తున్నాయి. పెదవి మూల చొంగ కారుతోంది. ఏదో చెప్పాలని చూస్తున్నాడు, నాలుక కదలడం లేదు.

"యాదయ్యా, కళ్లు తెరువు!"

నుదురు ముడతలు పడింది. రెప్పలు లేవలేదు.

కట్లపాము. నిద్రలో కరిస్తే నొప్పి తెలియదు, గాటు కనబడదు, ఒక్కోసారి ముందు కడుపునొప్పే వస్తుంది. ఇదంతా నేను చదివిందే. నిలబడి చూసినంతసేపూ నాకది కునుకులాగే కనబడింది.

విరుగుడు మందు ఎక్కిస్తుండగానే ఊపిరి తగ్గిపోతూ వచ్చింది. నల్గొండ పెద్ద దవాఖాన దాకా అంబులెన్సులో నేనూ సునీతా వంతులు వేసుకుని గాలి సంచి పిసుకుతూ అతనికి ఊపిరి అందించాం. నల్గొండ అంచున పానగల్ దగ్గరికి వచ్చేసరికి నా వేళ్లు కొంకర్లు పోయాయి. పద్మ అతని పాదాలు పట్టుకుని ఒకటే అడుగుతోంది, "ఇంటికి తోల్కపోతుంటి గద సారూ? తోల్కపోతుంటి గద?"

నేను సంచి పిసుకుతూనే ఉన్నాను.

యాదయ్య బతికాడు. మళ్లీ మగ్గంలో కూర్చున్నాడు.

ఆ రోజు నర్సమ్మను ఇంకెవరూ చూడలేదు. "మీరు కింద ఎందుకు కూసున్నరో నాకు సమజ్ గాలే సార్," అంది సునీత. రెండు రోజులకు నర్సమ్మ కోడలు లక్ష్మి, మిగిలిన మాత్రలు తిరిగివ్వడానికి వచ్చింది.

"మా అత్త పోయి పదకొండు దినాలాయె సారూ."

కర్ర ఏదని అడిగాను. "ఆమెతోనే పెట్టినం," అంది.

వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. నేను చూసిన సోమవారానికి ఆమె పోయి తొమ్మిది రోజులు. అంతకు ముందు సోమవారం ఆమె రాలేదన్న సంగతే నేను గమనించలేదు.

అప్పటి నుంచి నా గదిలో ఒక పీట ఉంది. ఎవరైనా తల వాల్చుకుని వస్తే కుర్చీ వదిలి దాని మీద కూర్చుంటాను.

ఇక ఒట్టు సంగతి. ఇందులో ఒక అబద్ధం ఉంది, ఎలుగుబంటి కన్నా పెద్దది. నర్సమ్మ బతికుండగా నేను ఒక్క సోమవారం కూడా కుర్చీ దిగలేదు. నన్ను నల్లగున్నవా అన్నదీ లేదు, దవాఖాన నవ్విందీ లేదు. అదంతా నేను అల్లుకున్నది. ఆమె ముఖం నేను మొదటిసారి చూసింది ఆ వరండాలోనే.

అందుకే లక్ష్మిని ఇంకో మాట కూడా అడిగాను. మీ అత్తకు గడ్డం మీద మూడు చుక్కలుండేవా, ముందు పన్ను ఒకటి లేదా అని.

"ఔ సారూ," అంది ఆమె. "గని నీకెట్ల ఎరుక? 'సారు మొగం సూడకుంటనే పోతనేమో' అని రోజు అంటుండె గద."