పాకం ట్యాంకు మూతి కాడ

2022వ సంవత్సరం. దసర పోయి రెండు దినాలైంది. బోధన్ దిక్కు చెరుకు నరుకుడు ఇంక షురు కాలే. నేను నిజామాబాద్‌ల బస్టాండు ఎన్క ఒక చిన్న ఆఫీసుల పని చేస్త. మిల్లులకు, కోల్డ్ స్టోరేజీలకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చుడు, అది మొరాయిస్తే ఉరికిపోయి బాగు చేసుడు మా పని. పెండ్లిళ్లకు పోతే చుట్టాలు "ఈ పిల్ల కంప్యూటర్లు రిపేర్ చేస్తదట" అంటరు. కాదని చెప్పీ చెప్పీ నోరు నొచ్చి ఇడిసిపెట్టిన.

ఈ పని ఏందో కొంచెం చెప్పకుంటే ముందటి సంగతి సమజ్ కాదు. ప్లాంటు కంప్యూటర్ల తెర మీద కనవడే ప్రోగ్రాములు కొన్నే. కనవడకుండ ఎన్క నడిచేటివి మస్తుంటయ్. ఒకటి గ్యాస్ మీటర్ నుంచి అంకె తెస్తది, ఇంకోటి ఆ అంకె హద్దు దాటితే సైరన్ కొడ్తది. వీటిని సర్వీసులంటం. ఇవి మధ్యల ఆగిపోతే మల్ల లేపేటందుకు పైన ఒక పెద్దమనిషి ప్రోగ్రాం ఉంటది, దాని పేరు సూపర్‌వైజర్. మనం రాసిన తెర మీది పేజీ ఆ సూపర్‌వైజర్‌తోని మాట్లాడాల్నంటే నడుమ క్లయింట్ లైబ్రరీ అనేటి ఇంకో ప్రోగ్రాం కావాలె. దీన్ని ఆపు, దాన్ని లేపు, ఇది ఎట్లున్నదో చెప్పు అంటే లైబ్రరీ పోయి అడిగి జవాబు తెస్తది. సర్వీసు బతికుంటే వచ్చే జవాబు "రన్నింగ్". తెర మీద అది పచ్చ చుక్క. ఆగిపోతే ఎర్ర చుక్క.

బోధన్ అవతల చెరుకు రసం కాచి పాకం తీసే ఒక ప్రైవేటు ప్లాంటుకు ఇసొంటి పేజీ చేసిచ్చిన. ఆడ కంట్రోల్ రూం ఇంచార్జి గంగాధరన్న. యాభై దాటినయ్, మిషిన్లంటే పానం. ఆ పేజీ చేసేటప్పుడే ఆయన నన్ను అడిగిండు: "బిడ్డా, దసర నాడు ఆయుధ పూజకు మిషిన్లన్నిట్ని పండవెట్టాలె. మోటర్లకు స్విచ్చులున్నయ్. మరి నీ లోపలి సర్వీసులకు ఎట్ల? నడిచేదానికి బొట్టు వెడ్తమా?"

నవ్వొచ్చింది గని కాదనలే. అన్నిట్ని ఒక్కపారి ఆపే బటన్ ఒకటి, మల్ల లేపే బటన్ ఒకటి పెట్టిచ్చిన. ఆ దసర పొద్దుగాల ఫోన్ చేసిండు. "అన్నిట్ని పండవెట్టిన బిడ్డా, కొబ్బరికాయ కొడుతున్న." కొంచెం సేపాగి ఇంకో ఫోన్: "లేపిన. అన్ని పచ్చగున్నయ్." ఆ సంబురం చూసి నాకు గూడ మంచిగనిపించింది.

దసర పోయిన రెండు దినాలకు నేను ప్లాంటుకు పోయిన. ఆ దినం సీజన్ ముందటి టెస్టింగ్ ఉండె. అదే దినం పాకం ట్యాంకు కడుగుడు గూడ ఉండె. నెలలకు నెలలు అడుగున నిలిచిన పాకం మురిగి విషపు గాలి పుడ్తది. కంటికి కనవడదు, దిగినోడు ఉన్నకాడనే కూలవడ్తడు. అందుకే గ్యాస్ మీటర్‌ను కేబుల్ తోని ముందు లోపలికి ఇడిసి, తెర మీద అంకె చూసినంకనే మనిషి దిగాలె.

దిగేది పోశెట్టి. బోధన్ పక్క ఊరోడే, ఏండ్ల సంది ట్యాంకులు కడిగేది ఆయననే. నన్ను చూసి "అక్కా, పగటీలి తినేటందుకు ఎటూ పోకు. మా ఇంటిది గంగమణి జొన్నరొట్టెలు, మిరప తొక్కు ఎక్కువనే కట్టింది" అన్నడు.

"నీ రొట్టె తింటే నువ్వేం తింటవే?"

"నేను తిట్లు తింట, మ్యానేజర్ సార్ ఉన్నడు గద" అని నవ్వుకుంట పోయిండు.

ఎన్కట ట్యాంకుల మనిషి దిగితే మూతి కాడ సాయన్న కూసునేటోడు. తాడు కొస చేతుల పట్టుకొని "ఓ పోశెట్టీ" అని పిలుసుకుంటనే ఉండేటోడు. లోపలికెళ్లి "ఓ" అని రాకుంటే తాడు గుంజుడే. సైరన్ పెట్టినంక మ్యానేజరు ఆయనను చెరుకు పిప్పి కుప్ప కాడికి మార్చిండు. కంప్యూటర్ చూస్తుండంగ ఇంకో మనిషెందుకు అన్నడట. ఆ సంగతి నాకు ఆ దినందాక ఎరుకలే.

కంట్రోల్ రూంల ముగ్గురం ఉన్నం. నేను, గంగాధరన్న, మ్యానేజరు. కిటికిలకెళ్లి ట్యాంకు కనవడ్తది. పోశెట్టి నడుముకు తాడు కట్టుకున్నడు, రెండో కొస రెయిలింగుకు కట్టిండు. మూతి పక్క కొక్కెం మీదికెళ్లి మీటర్ తీసి, కండ్లకద్దుకొని, మూతిలకు ఇడిసిండు. ఎందుకు కండ్లకద్దుకుంటున్నడో నాకు తెల్వలే. తెర మీద అంకె సున్నా. అన్ని చుక్కలు పచ్చగున్నయ్. గంగాధరన్న కిటికిలకెళ్లి చెయ్యి ఊపిండు. పోశెట్టి దిగిండు.

నేను ల్యాప్‌టాప్ తెరిచి నా పనిల పడ్డ. కొద్దిసేపైనంక ఎందుకో ఆ అంకె మీద కన్ను ఆగింది. ఆ మీటర్ ఊకెనే ఉండేది కాదు. బయట ఉత్తగ వేలాడ్తున్నా ఒకటి, రెండు అని కదులుతనే ఉంటది. గిది రాయిలెక్క సున్నా మీద కూసున్నది.

"అన్నా, ఇది ఎప్పటి సంది సున్నా?"

"దసర సంది గంతే బిడ్డా. ఈయేడు ట్యాంకు సాఫున్నట్టున్నది."

అంటే మీటర్ గాలిని చూస్తనే లేదు. "ముందు పోశెట్టిని పైకి రమ్మను!" అని లేసిన. మ్యానేజరు కదలలే. "ఎందుకు ఆగం చేస్తవ్ మేడం, పచ్చగనే ఉన్నది గద. రీస్టార్ట్ కొట్టి చూడు" అన్నడు. నిలవడే కొట్టిన. చుక్క ఎర్రగయ్యి మల్ల పచ్చగైంది. రన్నింగ్. అంకె సున్నా. ఉరికిన.

మూతి కాడ వంగి "పోశెట్టీ" అని మొత్తుకున్న. జవాబు లేదు. కేబుల్ గుంజి మీటర్ చేతులకు తీస్కున్న. గాలి పోయే జాలీ మొత్తానికి పసుపు పూసి ఉన్నది, మందంగ, ఎండి గట్టివడ్డది. నడుమ కుంకుమ బొట్టు. చున్నీతోని గీకి తుడిచిన. లోపలికెళ్లి వచ్చే గాలి తలిగిందో లేదో, సైరన్ గొల్లుమన్నది.

పిప్పి కుప్ప కాడికెళ్లి సాయన్న ఉరికొచ్చిండు. వచ్చుడు వచ్చుడే మూతిల దిగవోయిండు. గంగాధరన్న ఎన్కకెళ్లి నడుము పట్టిండు. "ఇడువు! వాడు లోపల సస్తుండు!" అని సాయన్న, "నువ్వు గూడ పోతవురా!" అని గంగాధరన్న. అందరం తాడు పట్టినం. మనిషి పైకొచ్చెవరకు మొఖం నల్లవడ్డది. బోధన్ దవాఖానల చూసి నిజామాబాద్ తీస్కపొమ్మన్నరు. జీపుల సాయన్న తొవ్వ పొడుగున "ఓ పోశెట్టీ" అని పిలుస్తనే ఉన్నడు. దవాఖానకు చేరినంక పానం పోయిందన్నరు.

వరండాల మ్యానేజరు నా దిక్కు చూసి "మీ సాఫ్ట్‌వేర్ ఫెయిలైంది" అన్నడు. నాకు కోపం నెత్తికెక్కింది. "సర్వీసు బతికున్నదా అని అడిగితే బతికున్నదని చెప్పింది. లోపల మనిషి బతికున్నడా అని దాన్ని ఎవ్వరడిగిండ్రు? మూతి కాడి మనిషిని నేను తీసేయమన్ననా?" అని అందరి ముందట అరిచిన. గంగాధరన్న గోడకు ఒరిగి కూసున్నడు. "పసుపు నేనే పెట్టిన బిడ్డా. మోటర్లకు చిన్న చిన్న బొట్లు పెట్టిన. అది మనుషులను కాపాడే మిషిను గద అని, దానికే నిండుగ పెట్టిన." ఆయనను తిడుదామని నోటి దాక వచ్చింది, తిట్టలేకపోయిన. పోలీసులకు గూడ గదే మాట ఆయననే చెప్పిండు. తర్వాత పనికి రాలే.

ఇప్పుడు నా పేజీల పచ్చ చుక్క ఊకెనే రాదు. దిగే ముందట మీటర్‌కు టెస్ట్ గ్యాస్ పట్టి, అంకె లేసి, సైరన్ మోగినంకనే వస్తది. రన్నింగ్ అంటే ప్రోగ్రాం బతికున్నది అని మాత్రమే, పని చేస్తున్నది అని కాదు. కొత్తగ వచ్చే పిల్లలకు మొదలు గిదే చెప్త. ఏ ప్లాంటులనన్న మూతి కాడ కూసునే మనిషి ఎవరో చెప్పకుంటే నేను సర్వీసులు లేప. "మేడంకు ఛాదస్తం" అంటరు. అననియ్యి.

ఇవన్ని నేర్పింది నా సదువు కాదు. ఆ సాయంత్రం దవాఖాన మెట్ల మీద గంగమణి నా చెయ్యి వట్టుకున్నది. అప్పటికి ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"అక్కా, నువ్వు ఆడనే ఉంటివట గద?"

"ఉన్న చెల్లె."

"పడిపోయేటప్పుడు మా ఆయన ఎవరినన్న పిలిచిండా?"

పిలిచిండో లేదో నాకు తెల్వదు. పిలిస్తే ఇనవడేటంత దగ్గర మాల ఒక్కరం గూడ లేకుంటిమి.