మోకు కట్టిన విమానం కుర్చీ

ధర్మపురికి ఇవతల, గోదావరి గాలి తగిలేంత దూరంలో ఉన్న ఆ ఊళ్లో మంగలి హనుమండ్లు పేరు చెబితే జనం ముందు నవ్వేవారు, ఆ తర్వాత గడ్డం తడుముకునేవారు. అంత తేలిక చెయ్యి అతనిది. కత్తి పెట్టిన సంగతే తెలిసేది కాదు. నోరు మాత్రం అంత తేలిక కాదు. ఒకసారి మొదలైతే రెండు చెంపలూ అయ్యేదాకా ఆగేది కాదు.

అతని తాతా, బాపూ కత్తుల పొది చంకన పెట్టుకుని జలపతిరావు దొర గడీకి పోయి వెట్టికి గడ్డాలు గీసినవాళ్లే. హనుమండ్లూ చాలా ఏళ్లు అదే పని చేశాడు. పోలీసు యాక్షన్ అయ్యాక, వెట్టి లేదని సర్కారు చెప్పిన ధైర్యంతో, బాట పక్కన తడకలతో కొట్టం వేసి, "ఇగ గడ్డం కావాల్సినోడు నా తానికే రావాలె" అని ఊరంతా చెప్పుకున్నాడు. చెప్పుకోవడానికేం, ఎంతైనా చెప్పుకోవచ్చు. దుకాణం నడవకపోతే మళ్లీ పొది పట్టుకుని గడీ మెట్ల కింద నిలబడాలి. అది తలుచుకుంటేనే అతనికి అన్నం దిగేది కాదు.

దుకాణమన్నాక కుర్చీ ఉండాలి కదా. హైదరాబాదులో బామ్మర్ది అంబదాస్ పాత ఇనుము కొనే ఒక కబాడీ సేటు దగ్గర పనిచేస్తున్నాడు. అక్కడేమైనా దొరుకుతుందేమోనని పోయాడు హనుమండ్లు.

పోయి చూస్తే, యుద్ధంలో సామాన్లు మోసిన పాత విమానం ఒకటి రెక్కలు తెగి నేల మీద పడి ఉంది. ఒకడు దాని తోక కోస్తున్నాడు. ఒకడు లోపలి తీగలు లాగి చుట్టలు చుడుతున్నాడు. మూలన కొలిమిలో రేకు కరిగి కడ్డీలవుతోంది. ఆ కడ్డీలు గిన్నెలు చేసేవాళ్లకు పోతాయట. హనుమండ్లుకు మనసు కలుక్కుమంది.

"గాలిల తిరిగినదాన్ని గిట్ల కోస్తరా అంబదాసూ?"

"ముసల్దయింది బావా, ఇగ ఎగుర్తలేదు. కూసోవెట్టి ఎవలు సాదుతరు? మీ ఇంట్ల అక్క కూరొండే జర్మన్ గిన్నె గూడ ఎన్నడో మొగులు మీద తిరిగిందేమో, ఎవలకెరుక!"

ఆ ముక్కల మధ్యలోనే విమానం నడిపేవాడి కుర్చీ కనబడింది. రెండు పక్కలా చేతులు, వీపు వెనక్కి వాల్చడానికి ఒక మీట, నడుముకు కట్టుకునే మందపాటి పట్టా. హనుమండ్లు దాన్ని బస్సు మీదా, ఎడ్లబండి మీదా ఎక్కించి, పెళ్లికూతుర్ని తెచ్చినంత భద్రంగా ఇల్లు చేర్చాడు.

భార్య బాలవ్వ నడుము మీద చేతులు పెట్టుకుని చూసింది. "కుర్చీ తెస్తనని పోయి ఇమానం ముక్క దెస్తివా? ఇగ దీనికి పెట్రోలు వొయ్యాల్నా?"

కొట్టంలో బండరాయి పాతి, దానికి కుర్చీని బిగించాడు. ఊరంతా వచ్చి చూసింది, తడిమింది, మెచ్చుకుంది. కూర్చున్నవాడు మాత్రం ఒక్కడూ లేడు. దొర ఎక్కి తిరిగే సవారి కచ్చురం బండి రోజూ ఆ బాటనే పోతుంది. ఎడ్ల గజ్జెలు వినబడగానే చెప్పులు విడిచి, భుజం మీది తువ్వాల తీసి, అందరూ లేచి నిలబడాలి. అలాంటిది దొర కళ్ల ముందు కుర్చీలో, అదీ విమానం కుర్చీలో దర్జాగా కూర్చోవడమా! వచ్చిన నలుగురూ కుర్చీ పక్కన నేల మీదే గొంతుక్కూర్చుని గీయించుకుపోయారు. ఆ సంబరానికి దుకాణమెందుకని తర్వాత వాళ్లూ రావడం మానేశారు. హనుమండ్లు రోజూ ఆ కుర్చీ దుమ్ము తుడుస్తూ, లోపల్లోపలే కుమిలిపోయేవాడు.

ఒక పొద్దున గౌండ్ల మొండయ్య కల్లు దించి, మోకు భుజాన వేసుకుని వచ్చాడు. తాడిచెట్టు ఎక్కేటప్పుడు నడుముకూ చెట్టుకూ కలిపి కట్టుకునే ఆ మోకే అతని ప్రాణానికి పూచీ. కుర్చీకి వేలాడుతున్న పట్టాను చూసి కళ్లింత చేశాడు.

"ఓరి అన్మండ్లూ, ఇమానపోనికి గూడ మోకున్నదా?"

"లేకుంటె పడిపోడా?"

"అట్లనా! ఇగ మా కులపోడే గదా!" అని మురిసిపోయి ఎక్కి కూర్చున్నాడు. పట్టా కట్టించుకున్నాడు. టక్కుమని కొక్కెం పడింది. హనుమండ్లు నురగ పూసి ఒక చెంప గీశాడో లేదో, గజ్జెలు వినబడ్డాయి.

మొండయ్య లేవబోయాడు. కొక్కెం ఊడలేదు. లాగాడు, గింజుకున్నాడు, ఊడలేదు. కచ్చురం వచ్చి సరిగ్గా కొట్టం ముందే ఆగింది. హనుమండ్లు కత్తి కింద పెట్టి, నురగ చేతులతోనే దండం పెట్టాడు.

"వాడెందుకు లేస్తలేడురా?" అన్నాడు దొర.

హనుమండ్లు నోరు అతన్ని ఎప్పుడు ఆగనిచ్చింది గనక! "బాంచెన్ దొరా, మోకుల ఉన్నడు. చెట్టు మీదున్న గౌండ్లాయనను దిగి దండం వెట్టుమని మీ తాతలు సుత అడుగలే."

అది నిజమే. మోకులో ఉన్నవాడు దిగనక్కర్లేదన్నది గడీ కట్టిన నాటి నుంచీ ఉన్న రివాజు. దొర కుర్చీని చూశాడు, పట్టాను చూశాడు, "హుఁ" అని ఎడ్లను తోలించాడు.

అంతే! మర్నాటి నుంచి కొట్టం ముందు జాతర. గడ్డం మొలవనివాడు కూడా వచ్చాడు. "మోకు వెట్టు అన్మండ్లూ" అంటూ ఎక్కడం, కచ్చురం వచ్చినా కాలు మీద కాలేసుకుని కూర్చోవడం. పాపం, హనుమండ్లుకే ఆ సుఖం లేదు. నిలబడి పనిచేసేవాడికి మోకెక్కడిది? ప్రతిసారీ కత్తి కింద పెట్టి దండం పెట్టేవాడు. అయినా దుకాణం నడుస్తోంది, అదే చాలనుకున్నాడు.

ఏళ్లు గడిచాయి. ఒక వానాకాలం ఎలుకలు పట్టాను కొరికి పీలికలు చేశాయి. ఇంకోటి కావాలని కబురు పెడితే, ఆ విమానాలన్నీ ఎప్పుడో గిన్నెలైపోయాయని అంబదాస్ చెప్పి పంపాడు. ఆ పూట మొండయ్య వచ్చి కూర్చోగానే హనుమండ్లు అతని ఒడిలో గుడ్డ కప్పి, చెవిలో చెప్పాడు.

"మోకు లేదే ఇయ్యాల. గజ్జెలినవడితె లేసి నిలవడు."

ఒక చెంప అయ్యింది. గజ్జెలు వినబడ్డాయి. మొండయ్య లేవలేదు సరికదా, ఒడిలోని గుడ్డను నింపాదిగా తీసి పక్కన పెట్టాడు. నడుముకు ఏ పట్టా లేదని బాట మీదివాళ్లందరికీ కనబడుతోంది. కచ్చురంలోంచి జలపతిరావు దొరకూ కనబడింది.

హనుమండ్లు అలవాటు కొద్దీ కత్తి కింద పెట్టబోయాడు. మొండయ్య తల వెనక్కి వాల్చి, గీయని చెంప అతని వైపు తిప్పాడు. ఆ చెంపనొకసారి, కచ్చురాన్నొకసారి చూశాడు హనుమండ్లు. కత్తి చెంప మీద ఆనించాడు. గజ్జెలు కొట్టం ముందు కాసేపు ఆగి, మెల్లగా ముందుకు సాగిపోయాయి.

"అన్మండ్లూ, నీ చెయ్యి వణుకుతుందే. గొంతు పైలం."

"నా చెయ్యి గాదు, నీ దవడ వణుకుతుంది. కదలకు" అన్నాడు హనుమండ్లు, గీస్తూనే.